హాట్ హ్యాచ్‌కి అల్లాయ్ వీల్స్ ఎంచుకోవడం ఎలా: ముందు కొలత, తర్వాతే డిజైన్

అల్లాయ్స్ మార్చాలనుకున్నప్పుడు చాలామంది ముందు స్పోకుల డిజైన్ చూస్తారు, తర్వాత రంగు చూస్తారు, "నా కారుకి పడుతుందా?" అని అడగడం ఆఖరికి గుర్తొస్తుంది. అమ్మేవాళ్లు "పడుతుంది" అంటారు. బోల్టులు కన్నాల్లోకి ఎక్కుతాయనడం వరకే ఆ మాటకి అర్థం. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లైనర్‌ని (చక్రం గూటి లోపలి తొడుగుని) గీకదనీ, వెనక సీటు నిండినప్పుడు ఫెండర్ అంచు టైరుని కోయదనీ, స్పోకు వెళ్లి బ్రేక్ క్యాలిపర్‌కి తగలదనీ ఎవరూ హామీ ఇవ్వడం లేదు.

హాట్ హ్యాచ్‌లలో, అంటే జోరుగా నడిచేలా చేసిన హ్యాచ్‌బ్యాక్‌లలో, ఇది మరీ ఇరుకు వ్యవహారం. మామూలు హ్యాచ్‌బ్యాక్ బాడీలోనే పెద్ద డిస్కులు, వెడల్పు టైర్లు, గట్టి సస్పెన్షన్ ఇరికించి ఉంటారు. కంపెనీ వదిలిన ఖాళీయే కొన్ని మిల్లీమీటర్లు. కాబట్టి కింద చెప్పిన వరసలోనే వెళ్లండి. కేటలాగు తెరవడానికి ముందే సగం పని అయిపోవాలి.

కావలసిన సామాను: జాక్, యాక్సిల్ స్టాండ్లు, టార్క్ రెంచ్, వెర్నియర్ క్యాలిపర్, వంకర లేని పొడవాటి స్టీలు స్కేలు, దారానికి కట్టిన చిన్న బరువు, పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే కొంచెం, అట్టముక్కలు.

1. ఇప్పుడున్న వీల్ లెక్క రాసుకోండి

ఒక వీల్ విప్పి వెనక్కి తిప్పండి. స్పోకుల వెనకో, హబ్‌కి (వీల్ బిగించే మధ్య భాగానికి) ఆనే చోటి దగ్గరో, పోతలోనే "7.5జె×18 హెచ్2 ఈటీ51" లాంటి రాత ఉంటుంది. 7.5 అంటే రిమ్ము వెడల్పు అంగుళాల్లో. జె అంటే రిమ్ము అంచు ఆకారం. 18 వ్యాసం. హెచ్2 అంటే టైరు బీడ్ (రిమ్ములో కూర్చునే గట్టి అంచు) జారిపోకుండా లోపల ఉండే రెండు గట్లు. ఈటీ51 అంటే ఆఫ్‌సెట్ 51 మి.మీ. (దీని సంగతి నాలుగో భాగంలో). వెడల్పును బీడ్ కూర్చునే చోటి మధ్య కొలుస్తారు తప్ప బయటి అంచు నుంచి అంచుకి కాదు. అంచులకి టేపు పెడితే దాదాపు ఒక అంగుళం ఎక్కువ చూపిస్తుంది. వాడిన వీల్స్ అమ్మకాల్లో 7.5 కాస్తా 8.5 అయ్యేది ఇలాగే.

దీంతోపాటు టైరు సైజు, డోర్ పిల్లర్ మీది ప్లేటులో ఉన్న ముందు, వెనక యాక్సిళ్ల గరిష్ఠ బరువు, ముందు డిస్కు వ్యాసం రాసుకోండి.

కారు పేరు చూసి మాత్రం ఏదీ ఊహించుకోవద్దు. గోల్ఫ్ నాలుగో తరంలో బోల్టుల అమరిక 5×100 (100 మి.మీ. వృత్తం మీద ఐదు బోల్టులు), ఐదో తరం నుంచి 5×112. సివిక్ టైప్ ఆర్ ఈపీ3, ఎఫ్‌ఎన్2 తరాల్లో 5×114.3 ఉంటే, 2015లో వచ్చిన ఎఫ్‌కే2 నుంచి 5×120 అయింది. మినీ కూపర్ ఆర్56కి 4×100, తర్వాతి ఎఫ్56కి 5×112. క్లియో ఆర్‌ఎస్ 182కి నాలుగు బోల్టులు, దాని తర్వాతి 197కి ఐదు. పేరు ఒకటే, వీల్ మాత్రం ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు.

2. పీసీడీ: దగ్గరగా ఉంటే చాలదు

పీసీడీ అంటే బోల్టు కన్నాల మధ్య బిందువుల గుండా పోయే వృత్తం వ్యాసం. నాలుగు కన్నాలుంటే ఎదురెదురు కన్నాల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే సరిపోతుంది. ఐదు కన్నాల్లో ఎదురుగా కన్నం ఉండదు కాబట్టి పక్కపక్క రెండు కన్నాల మధ్య దూరం కొలిచి 0.588తో భాగించండి. 58.8 మి.మీ. వస్తే 5×100, 63.5 వస్తే 5×108, 65.8 వస్తే 5×112, 67.2 వస్తే 5×114.3.

112కీ 114.3కీ పక్క కన్నాల దూరంలో తేడా 1.4 మి.మీ. మాత్రమే. అసలు ప్రమాదం ఇక్కడే. నట్లు ఎలాగోలా ఎక్కుతాయి, బిగుసుకున్నట్టే ఉంటాయి. కానీ ప్రతి బోల్టూ ఒక పక్కకి వంగి, సీటులో ఒక వైపే ఆని ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లకే వదులవుతుంది, లేదా స్టడ్ (హబ్‌లోంచి వచ్చే, నట్టు ఎక్కే మర కడ్డీ) విరుగుతుంది. తేడాని సర్దే వాబుల్ బోల్టులు దొరుకుతాయి. జోరుగా నడిపే కారులో వాటిని వాడకపోవడమే మంచిది. ఆ పీసీడీలోనే వీల్ దొరకదా అంటే, దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

3. సెంటర్ బోర్, హబ్ రింగులు

వీల్ మధ్య కన్నం హబ్ గట్టు మీద సరిగ్గా కూర్చోవాలి. గోల్ఫ్‌కి ఇది 57.1 మి.మీ., ఫోర్డ్ ఫోకస్, ఫియెస్టాలకి 63.4, హోండాకి 64.1, హ్యుందాయ్‌కి 67.1. విడిగా అమ్మే వీల్స్ చాలా కార్లకి పట్టాలని మధ్య కన్నం పెద్దగా, 73.1 లాగా, చేస్తారు. ఆ ఖాళీని రింగు నింపుతుంది. బయటి వ్యాసం వీల్‌కి, లోపలి వ్యాసం హబ్‌కి సరిపోయే రింగు కొనాలి. 72.6కీ 73.1కీ మధ్య అర మిల్లీమీటరే తేడా, అయినా అది చాలు గంటకి వంద దగ్గర స్టీరింగు వణకడానికి.

వీల్ కన్నం హబ్ కన్నా చిన్నదైతే ఆ వీల్ మీది కాదు. లేత్ మీద కోయించుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మధ్యలో ఎంత లోహం మిగలాలో తయారీదారు చెప్పకుండా కోయించడం తప్పు.

రింగు ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా? రోజువారీ వాడకానికి ప్లాస్టిక్ చాలు, అది తుప్పుతో అతుక్కుపోదు. ట్రాక్ మీద బ్రేకులు బాగా కాలే కారులో అది కరిగి సాగుతుంది, అక్కడ అల్యూమినియం వేయండి. హబ్ గట్టు మీద పల్చగా యాంటీ సీజ్ (లోహాలు అతుక్కుపోకుండా ఆపే పూత) రాయండి. బోల్టు మరలకి, వీల్ ఆనే ముఖానికి మాత్రం అంటనీయవద్దు. రింగు పని వీల్‌ని మధ్యలో నిలపడం వరకే. బరువు మోసేది బోల్టుల బిగింపు వల్ల రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడి.

4. వెడల్పు, ఆఫ్‌సెట్: అసలు లెక్క ఇదే

ఈటీ అంటే రిమ్ము నడి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత బయటికి ఉందన్న కొలత. ఈటీ తగ్గితే వీల్ బయటికి జరుగుతుంది, పెరిగితే లోపలికి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది వదిలేసేది ఏంటంటే, వెడల్పు పెరిగితే రెండు అంచులూ కదులుతాయి. అందుకే ఈటీ ఒక్కదాన్నే పోల్చి లాభం లేదు.

లెక్క ఇలా చేయండి. కొత్త వెడల్పులోంచి పాత వెడల్పు తీసి, 25.4తో హెచ్చించి సగం చేయండి. దీన్ని "వెడల్పు సగం" అందాం. పాత ఈటీలోంచి కొత్త ఈటీ తీయండి. ఇది "ఈటీ తేడా". బయటి అంచు ఈ రెండిటి మొత్తమంత బయటికి జరుగుతుంది. లోపలి అంచు "వెడల్పు సగం"లోంచి "ఈటీ తేడా" తీస్తే వచ్చినంత లోపలికి జరుగుతుంది. మైనస్ వస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు భాగం) నుంచి దూరం జరిగినట్టు.

పాత వీల్ 7.5జె ఈటీ51 అనుకుందాం.

8జె ఈటీ45 వేస్తే: వెడల్పు సగం 6.35, ఈటీ తేడా 6. బయటి అంచు 12.35 మి.మీ. బయటికి, లోపలి అంచు 0.35 మి.మీ. లోపలికి. స్ట్రట్ వైపు ఏమీ మారనట్టే.

8.5జె ఈటీ45 వేస్తే: బయటికి 18.7, లోపలికి 6.7. ఇప్పుడు రెండు వైపులా ఖాళీ కొలవాలి.

8జె ఈటీ35 వేస్తే: బయటికి 22.35, లోపల 9.65 మి.మీ. దూరం. స్ట్రట్‌కి ఢోకా లేదు, ఫెండర్‌తోనే పేచీ.

ఈ లెక్క రిమ్ము అంచులది. టైరు పక్క గోడ అంత కదలదు. అదే టైరుని అర అంగుళం వెడల్పైన రిమ్ము మీద ఎక్కిస్తే దాని వెడల్పు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది, అంటే వైపుకి రెండున్నర. పై మొదటి ఉదాహరణలో అదే 225 టైరు ఉంచితే బయటి పక్క గోడ దాదాపు 8.5 మి.మీ. మాత్రమే బయటికి వస్తుంది. ఫెండర్ దగ్గర చూడాల్సింది ఈ కొలతే. రిమ్ము 12 మి.మీ. బయటికి వచ్చి టైరు 8 మాత్రమే వస్తే ఇంకో సంగతి కూడా అర్థం చేసుకోండి: రిమ్ము అంచుకి టైరు ఇచ్చే రక్షణ తగ్గింది, ఫుట్‌పాత్ అంచుకి ముందు తగిలేది రిమ్మే. పైగా ఒకే 225 రాసి ఉన్న రెండు కంపెనీల టైర్ల అసలు వెడల్పులో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉండడం మామూలే. లెక్క మరీ అంచుకి వస్తే టైరు మోడల్ స్పెసిఫికేషన్‌లో ఉన్న అసలు వెడల్పు తీసుకుని మళ్లీ వేయండి.

స్పేసర్ అంటే ఈటీని తగ్గించడమే. ఈటీ45కి 10 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ35. సరైన ఈటీ ఉన్న వీల్ దొరుకుతుంటే స్పేసర్‌తో పని లేదు. తప్పకపోతే హబ్ గట్టు ఉన్న రకమే తీసుకుని, బోల్టులు కూడా స్పేసర్ మందం మేర పొడవైనవి వేయండి. 3, 5 మి.మీ. పల్చటి స్పేసర్లకి సొంత గట్టు ఉండదు. అవి కారు హబ్ గట్టులో కొంత మింగేస్తాయి కాబట్టి వీల్ కూర్చోవడానికి ఎంత గట్టు మిగిలిందో కొలిచి చూడాలి.

5. కారులో ఎంత ఖాళీ ఉందో కొలవండి

పాత వీల్స్ ఉండగానే, చదునైన నేల మీద, చక్రాలు తిన్నగా పెట్టి మొదలుపెట్టండి.

లోపలి వైపు: టైరుకీ స్ట్రట్‌కీ మధ్య ఇరుకైన చోటు వెతకండి. మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో అది చాలాసార్లు కింది స్ప్రింగు ప్లేటు దగ్గర ఉంటుంది. అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎంత మందం దూరుతుందో చూసి ఆ మందం కొలవండి. కొత్త వీల్ వేశాక ఇక్కడ 5 మి.మీ. అయినా మిగలాలి. మలుపులో టైరు వంగుతుంది, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు) సాగుతాయి. నిలబెట్టిన కారులో కనిపించే 2 మి.మీ. ఖాళీ మలుపులో ఉండదు.

బయటి వైపు: ఫెండర్ అంచు పై భాగం నుంచి బరువు కట్టిన దారం వేలాడదీసి, దారానికీ టైరు ఉబ్బుకీ మధ్య దూరం కొలవండి. ముందు, వెనక, ఎడమ, కుడి, నాలుగూ విడివిడిగా కొలవాలి. ఒకే కారులో ఎడమకీ కుడికీ కొన్ని మిల్లీమీటర్లు తేడా రావడం మామూలే. లెక్కకి ఇరుకు వైపు కొలతే పనికొస్తుంది.

ఇది నిలబెట్టిన కారు లెక్క. అసలు పరీక్ష సస్పెన్షన్ కుంగినప్పుడు. ముందు ఎడమ చక్రం కింద, వెనక కుడి చక్రం కింద గట్టి దిమ్మెలు పెట్టి కారు ఎక్కించండి. ఆ రెండు మూలలూ లోపలికి నొక్కుకుపోతాయి. అప్పుడు స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి: ముందు లైనర్ వెనక భాగం, బంపర్‌ని ఫెండర్‌కి కలిపే స్క్రూ ఉన్న మూల, ఫెండర్ లోపలి మడత, యాంటీ రోల్ బార్ లింకు. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో టైరుని మొదట కోసేది ఆ బంపర్ స్క్రూయే. తర్వాత రెండో జత మూలలతో అదే పని చేయండి.

క్లే ఇంకా మంచి సాక్ష్యం. ఫెండర్ మడత లోపల, లైనర్ మీద 20 మి.మీ. మందంలో ముద్దలు అంటించి, బరువు నింపిన కారుని నెమ్మదిగా గతుకుల మీద నడిపి, తర్వాత మిగిలిన మందం కొలవండి. నొక్కుకోని ముద్ద అంటే అక్కడ 20కి పైగానే ఖాళీ ఉన్నట్టు. ముద్దలో మిగిలిన మందంలోంచి పై లెక్కలో టైరు బయటికి వచ్చే దూరం తీసేయండి. అయిదుకి తక్కువ మిగిలితే ఇంకొంచెం ఎక్కువ ఈటీ ఉన్న వీల్ చూడండి.

వెనక సస్పెన్షన్ ఏ రకమో తెలుసుకోండి. మల్టీ లింక్ (ఒక్కో చక్రానికి విడివిడి కడ్డీలు) అయితే కుంగినప్పుడు చక్రం పై భాగం లోపలికి వాలుతుంది, ఫెండర్ అంచుని తప్పించుకుంటుంది. ట్విస్ట్ బీమ్‌లో (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం) అంతగా వాలదు, తిన్నగా పైకి వెళ్లి అంచుకే తగులుతుంది. ఒకే పేరుతో ఒకే తరంలో రెండు రకాలూ అమ్మిన కార్లున్నాయి. అందుకని "ఆ కారుకి పట్టింది" అన్న మాట మీ కారుకి వర్తించకపోవచ్చు.

కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేసి ఉంటే? చక్రం ఎంత పైకి వెళ్లగలదో నిర్ణయించేది బంప్ స్టాప్ అనే మెత్తటి అడ్డు. పాత బంప్ స్టాపే ఉంటే టైరు చేరే ఆఖరి చోటు మారదు, కాకపోతే తరచూ అక్కడికి చేరుతుంది. బంప్ స్టాప్ కోసినా, పొట్టిది వేసినా ఆఖరి చోటే మారిపోతుంది. స్ప్రింగులు మార్చే ఆలోచన ఉంటే ముందు అవి మార్చి, తర్వాత ఈ కొలతలు తీసుకోండి.

6. స్టీరింగు గురించి ఒక మాట

ఫెండర్ దాకా నిండుగా కనపడాలని ఈటీని 15, 20 మి.మీ. తగ్గించేవాళ్లు చాలామంది. ముందు చక్రాలతో నడిచే, 200 హార్స్‌పవర్ దాటిన కారులో దీనికి మూల్యం చెల్లిస్తారు. స్టీరింగు తిరిగే అక్షం నేలని తాకే చోటుకీ, టైరు నడి గీతకీ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. ఈటీ 15 తగ్గితే టైరు నడి గీత 15 మి.మీ. బయటికి పోతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టైరు లాగే బలం ఆ దూరాన్ని పిడిలా వాడుకుని స్టీరింగుని గుంజుతుంది. టార్క్ స్టీర్ పెరుగుతుంది, రోడ్డు మీది గాడుల వెంట కారు పోతుంది, ఒక పక్క చక్రం గుంతలో పడితే చేతికి దెబ్బ తెలుస్తుంది.

ఈ గుంజుడు తగ్గించడానికే కంపెనీలు ప్రత్యేకమైన ముందు సస్పెన్షన్ తయారు చేశాయి: రెండో తరం ఫోకస్ ఆర్‌ఎస్‌లో రెవోనకిల్, ఆస్ట్రా ఓపీసీలో హైపర్‌స్ట్రట్, మెగాన్ ఆర్‌ఎస్‌లో విడి స్టీరింగు అక్షం, 2017లో వచ్చిన ఎఫ్‌కే8 సివిక్ టైప్ ఆర్‌లో డ్యుయల్ యాక్సిస్ స్ట్రట్. ఎఫ్‌కే8 ఫ్యాక్టరీ వీల్ 8.5జె×20 ఈటీ60. అంత పెద్ద ఈటీ పెట్టింది స్క్రబ్ రేడియస్‌ని చిన్నగా ఉంచడానికే. దానికి ఈటీ35 వేస్తే కారు నిండుగా కనిపిస్తుంది, ఇంజనీర్లు పడ్డ కష్టం మాత్రం చక్కగా తుడిచిపెట్టుకుపోతుంది.

వెడల్పు మాత్రం పెంచి ఈటీ అలాగే ఉంచితే నడి గీత కదలదు. కాబట్టి వెడల్పు కావాలంటే ముందు లోపలి వైపు ఖాళీ వాడుకోండి, ఆ తర్వాతే బయటికి రండి. రోడ్డు మీద నడిపే కారుకి ఫ్యాక్టరీ ఈటీకి 5 నుంచి 8 మి.మీ. లోపల ఉండడం మేలు.

7. బ్రేకులు

8జె×18 ఈటీ45 అని ఒకే రాత ఉన్న రెండు వీల్స్‌లో ఒకటి క్యాలిపర్‌ని దాటుతుంది, ఇంకోటి తగులుతుంది. కారణం స్పోకు లోపలి ఆకారం. ఈ సంగతి ఏ సంఖ్యలోనూ కనిపించదు.

మంచి తయారీదారులు క్యాలిపర్ టెంప్లేట్ ఇస్తారు. దాన్ని అసలు సైజులో ముద్రించి, స్కేలుతో సరిచూసి, అట్ట మీద అంటించి కత్తిరించి, హబ్ ముఖానికి ఆనించి క్యాలిపర్ చుట్టూ తిప్పండి. ప్రింటరు "పేజీకి సరిపెట్టు" అన్న సెట్టింగులో ఉంటే బొమ్మ కొన్ని శాతం చిన్నదై అంతా తప్పుతుంది. క్యాలిపర్‌కీ వీల్‌కీ మధ్య, స్పోకు వైపూ, బారెల్ (రిమ్ము లోపలి గొట్టం) వైపూ 3 మి.మీ. అయినా ఉండాలి.

స్లైడింగ్ క్యాలిపర్ అయితే ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పుడు దాని ఒళ్లు బయటికి, స్పోకుల వైపుకి ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లోపలికి జరుగుతుంది. అరిగిన ప్యాడ్లతో సరిపోయిన వీల్ కొత్త ప్యాడ్లు వేసిన రోజు గీకడం మొదలుపెడుతుంది. ఫిక్స్‌డ్ క్యాలిపర్‌కి ఈ బెడద లేదు. 350 మి.మీ. డిస్కు మీద నాలుగు పిస్టన్ల క్యాలిపర్ ఉంటే 17 అంగుళాల వీల్స్‌ని చాలా వరకు మర్చిపోవచ్చు. బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు లోపల అంటించే బరువులు క్యాలిపర్ తిరిగే దారిలో పడకుండా చూడమని ముందే చెప్పండి.

8. వ్యాసం, టైరు

టైరు మొత్తం వ్యాసం = రిమ్ము అంగుళాలు × 25.4 + 2 × వెడల్పు × పక్క గోడ శాతం. 225/40 ఆర్18కి 637 మి.మీ. దానికి బదులు 225/35 ఆర్19 వేస్తే 640, 235/35 ఆర్19 వేస్తే 647, 225/45 ఆర్17 వేస్తే 634. పాత వ్యాసానికి ఒకటిన్నర శాతం లోపల ఉంటే గేరింగు, స్పీడోమీటరు, ఏబీఎస్ ఏవీ ఇబ్బంది పడవు. వ్యాసం పెరిగితే స్పీడోమీటరు తక్కువ చూపే వైపుకి జరుగుతుంది. అసలు వేగంకన్నా తక్కువ చూపకూడదన్నది యూఎన్ 39వ నిబంధన. గోల్ఫ్ ఆర్, జీఆర్ యారిస్ లాంటి నాలుగు చక్రాల డ్రైవ్ కార్లలో ముందు, వెనక వ్యాసం ఒకటే ఉండాలి, అరుగుదల కూడా దగ్గరగా ఉండాలి. లేకపోతే ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే మధ్య క్లచ్ ఎప్పుడూ జారుతూ వేడెక్కుతుంది.

టైరుకి నప్పే రిమ్ము వెడల్పు ఒక పరిధిలో ఉంటుంది. 225/40కి 7.5 నుంచి 9 అంగుళాలు, టైరు అసలు వెడల్పు కొలవడానికి ప్రమాణంగా వాడే రిమ్ము 8. 225/45కి 7 నుంచి 8.5. 235/35కి 8 నుంచి 9.5. పరిధి అంచుల్లో కాకుండా మధ్యలో ఉండండి. సన్న టైరుని వెడల్పు రిమ్ము మీద లాగి ఎక్కించడం చూపుకోసం చేసే పని. బీడ్ వదిలే ప్రమాదం ఉంది, పట్టూ పెరగదు.

ఒక్కో అంగుళం పెంచితే పక్క గోడ పల్చనవుతుంది, లోహం బరువు అంచువైపుకి పోతుంది. చక్రం అంచున ఉన్న బరువే వేగం పెంచడానికీ, ఆపడానికీ ఎక్కువ అడ్డం. వేగం కోసం వీల్స్ మారుస్తుంటే బ్రేకులు ఒప్పుకున్నంత చిన్న వ్యాసమే సరైనది. 19 వేయడానికి కారణం అందం ఒక్కటే, అది ఒప్పుకుని వేయండి.

9. బలం, బరువు, ముద్రలు

యాక్సిల్ గరిష్ఠ బరువు 1040 కిలోలైతే ఒక్కో వీల్ 520 కిలోలు మోయగలగాలి. వీల్ వెనక గరిష్ఠ భారం ముద్రించి ఉంటుంది, అది అంతకన్నా ఎక్కువ ఉండాలి. అంకె లేకపోతే కొనవద్దు. టైరు లోడ్ ఇండెక్స్‌కి కూడా ఇదే పద్ధతి: 88 అంటే 560 కిలోలు, 91 అంటే 615, 92 అంటే 630. ఫ్యాక్టరీ ఇండెక్స్ కన్నా తగ్గకండి.

జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు జపాను ప్రమాణాలవి. కేబీఏ నంబరు జర్మనీ ఆమోదం. యూఎన్ 124వ నిబంధన విడిగా అమ్మే వీల్స్ గురించే. జేడబ్ల్యూఎల్ అన్నది తయారీదారు తానే వేసుకునే ముద్ర, వీఐఏ బయటి పరీక్షది. రెండూ ఉంటే మేలు. మీ దేశంలో వీల్ మార్పుని నమోదు చేయించాలా, బీమా కంపెనీకి చెప్పాలా అన్నది కొనకముందే కనుక్కోండి.

8జె×18లో మామూలు పోత వీల్ 10 నుంచి 12 కిలోలు, ఫ్లో ఫార్మ్‌డ్ (పోత పోసి బారెల్‌ని రోలర్లతో సాగదీసినది) 8.5 నుంచి 10, ఫోర్జ్‌డ్ (లోహపు దిమ్మెని నొక్కి చేసినది) ఎనిమిదికి అటూ ఇటూ ఉంటుంది. పోత వీల్‌ని ఫోర్జ్‌డ్ అని అమ్మడం కొత్తేమీ కాదు, తూకం వేస్తే బయటపడుతుంది. ఫ్యాక్టరీ వీల్ కన్నా బరువైనదాన్ని హాట్ హ్యాచ్‌కి వేయడంలో అర్థం లేదు. వాడిన వీల్స్ అయితే టైరు తీయించి, లోపలి బారెల్ మీద సన్న చీలికలు, వెల్డింగు మచ్చలు వెతికి, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద టైరు లేకుండా తిప్పి వంకర చూడండి. కొత్తగా పెయింటు వేసిన వాడిన వీల్‌ని ఎక్కువ అనుమానించండి.

10. బోల్టులు, నట్లు

ఇక్కడ తప్పు జరిగితే వీల్ ఊడుతుంది. మూడు సంగతులు చూడాలి.

సీటు ఆకారం: ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ బోల్టు సీటు గుండ్రం, ఎం14×1.5. హోండా ఫ్యాక్టరీ నట్టు సీటూ గుండ్రమే. బయటి వీల్స్ చాలావాటికి 60 డిగ్రీల శంకువు సీటు. గుండ్రటి బోల్టుని శంకువు సీటులో వేస్తే ఒక సన్న గీత మీదే ఆనుతుంది, టార్క్ రెంచ్ క్లిక్ అన్నా అది అబద్ధపు బిగింపే.

మర: స్విఫ్ట్ స్పోర్ట్‌కి ఎం12×1.25, హోండా, టయోటాల్లో చాలావాటికి ఎం12×1.5. ఒకదాని నట్టు ఇంకోదాని మీద ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అప్పుడు ఇంపాక్ట్ గన్ పెడితే స్టడ్ పోతుంది.

పొడవు: బోల్టు పొడవుని సీటు కింది నుంచి కొలుస్తారు. చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. ఎం12×1.5కి 6.5, ఎం12×1.25కి 8, ఎం14×1.5కి 7.5 చుట్లకి తగ్గకూడదు. మరీ పొడవైతే హబ్ వెనక ఉన్న భాగాలకి తగులుతుంది. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి శబ్దం వినండి. బోల్టు కన్నం లోతుగా, సన్నగా ఉన్న వీల్స్‌కి పల్చటి గోడ సాకెట్ కావాలి. అది లేక మామూలు సాకెట్‌ని దూర్చి పెయింటు గీకేయడం రోజూ జరిగేదే.

11. టైర్లు ఎక్కించకముందే వేసి చూడండి

టైరు ఎక్కిన వీల్‌ని ఎవరూ వెనక్కి తీసుకోరు. కాబట్టి ముందు ఒక వీల్‌ని టైరు లేకుండా ముందు ఒకసారి, వెనక ఒకసారి బిగించండి. హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. డిస్కుని పట్టి ఉంచే స్క్రూ తల పైకి పొడుచుకు రాకూడదు, స్టడ్ల మీద పల్చటి స్ప్రింగు క్లిప్పులుంటే తీసేయండి. ఇవి ఉంటే వీల్ చదునుగా ఆనదు. రెండు బోల్టులు వేసి చక్రం తిప్పుతూ క్యాలిపర్ చుట్టూ ఖాళీ చూడండి. వీల్ వెనక ముఖం మీద, బోల్టు సీట్లలో దట్టంగా పౌడర్ కోటింగ్ ఉంటే అది నలిగి బిగింపు సడలుతుంది. సీట్లలో లోహం కనపడాలి.

అంతా సరిపోతే టైర్లు ఎక్కించి, బ్యాలెన్స్ చేయించి, బోల్టులన్నీ మొదట చేత్తోనే ఎక్కించండి. ఒకదాని తర్వాత ఎదురుదాన్ని బిగిస్తూ నక్షత్రం వరసలో వెళ్లి, కారు నేల మీదికి దించాక టార్క్ రెంచ్‌తో పూర్తి చేయండి. గోల్ఫ్‌కి 120 న్యూటన్ మీటర్లు. మీ కారుది మాన్యువల్‌లో ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మళ్లీ సరిచూడండి.

టైరు ప్రెషర్ సెన్సర్లు కొత్త వీల్స్‌లోకి మార్చారా, వాల్వ్ కన్నానికి అవి నప్పుతున్నాయా చూసుకోండి. ఏబీఎస్ ఆధారంగా లెక్కకట్టే రకమైతే మెనూలో రీసెట్ చేస్తే చాలు. మొదటి వారం నిండు బరువుతో ఒకసారి నడిపి, ఫెండర్ మడతలో, లైనర్ మీద, టైరు భుజం మీద మెరిసే గీతలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. లైనర్ మీద పల్చటి మెరుపు ఒకటి రెండు చోట్ల పర్వాలేదు. టైరు మీద గీత కనపడితే కారు ఆపి కారణం వెతకండి.

స్పేర్ వీల్ ఇంకా ఫ్యాక్టరీదే అయితే దాని సీటు ఆకారం పాతదే. పాత బోల్టుల్ని పారేయకుండా ఒక సంచిలో వేసి స్పేర్ పక్కనే పెట్టండి, లాక్ బోల్టు తాళం, ఆ పల్చటి సాకెట్ కూడా అందులోనే.